పానా ఎవరి చేతిలో ఉండాలి?

(పిల్లలతో కలిసి పాత మోటార్‌సైకిల్ బాగుచేయడం గురించి ఒక తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ముందే చెప్పేస్తాను. తళతళా మెరిసే పాత బళ్ల ఫొటోలు చూద్దామని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, నా దగ్గర అలాంటివి లేవు. మా అమ్మాయీ నేనూ కలిసి బాగుచేసిన బండికి ట్యాంకు మీద ఇప్పటికీ సొట్ట ఉంది. వెనక మడ్‌గార్డు రంగు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. కావాలనే వదిలేశాం. ఎందుకు వదిలేశామో చెప్పడానికే వచ్చాను. పిల్లలతో కలిసి పాత బండి మొదలుపెట్టేవాళ్లు ప్రతి నిర్ణయం దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఇలా చేస్తే పానా పిల్లల చేతిలో ఉంటుందా, మన చేతిలోకి వచ్చేస్తుందా? అంతే. నేను ఇవాళ ఎటు తిరిగినా మళ్లీ ఈ ప్రశ్న దగ్గరికే వస్తాను, విసుక్కోకండి.

ఇందాక బయట ఒకాయన అడిగారు, పాత బండే ఎందుకండీ, కంప్యూటర్ విప్పి చూపించొచ్చుగా అని. మంచి ప్రశ్న. ఇప్పటి బండిలో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో ఒక ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయిస్తుంది. ఆ పెట్టె పగలగొట్టి చూస్తే ఏం కనబడుతుంది? నల్లటి ముద్ద. 1950ల, 60ల బళ్లలో అదే పని రెండు చిన్న లోహపు ముక్కలు చేస్తాయి. పాయింట్లు అంటాం వాటిని. క్యామ్ అనే ఎగుడుదిగుడు చక్రం తిరుగుతూ వాటిని విడదీస్తుంది. విడిపోయిన క్షణాన కాయిల్ అనే తీగచుట్టలోంచి, రవ్వ పుట్టించే ప్లగ్గుకి కరెంటు దూకుతుంది. కంటితో చూడొచ్చు, గోటితో విడదీయొచ్చు. పన్నెండేళ్ల పిల్లకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పనే లేదు.

ఇంజిన్ పలకాలంటే మూడు జరగాలి. పెట్రోలూ గాలీ తగిన పాళ్లలో కలవాలి. ఆ కలిసినదాన్ని సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ గట్టిగా నొక్కాలి. సరైన సమయానికి రవ్వ పడాలి. బండి స్టార్ట్ కాలేదంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి జరగట్లేదు. ఏది? ప్లగ్గు విప్పి చూడు, తడిగా ఉందా పొడిగా ఉందా? పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు, ట్యాంకు నుంచి వెతుక్కుంటూ రా. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, రవ్వ సంగతి చూడు. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావడం పిల్లలకి ఒకసారి పట్టుబడిందా, ఇక మనం పక్కన ఉండక్కర్లేదు. ఉంటే అడ్డం కూడా.

ఏ బండి కొనాలి? దీని మీద నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. మీరు కాలేజీ రోజుల్లో కలలు కన్న బండి కొనకండి. అది మీ బండి. పిల్లలు అందులో హెల్పర్లవుతారు. పిల్ల సెంటర్ స్టాండు వేయలేనంత బరువున్న బండి కూడా వద్దు. చిన్న ఇంజినూ, సులువైన ఇంజినూ, అన్ని భాగాలూ ఒంటి మీదే ఉన్న బండీ చూడండి. తుప్పు పట్టినా ఫర్వాలేదు, ముక్కలుగా విప్పి బస్తాల్లో పోసి అమ్మే బండి మాత్రం వద్దే వద్దు. అందులో ఏది తక్కువో మీకు చివరి దాకా తెలీదు, పిల్లలకి ఓపిక అంతకు చాలా ముందే అయిపోతుంది. ఇంకోటి, కాగితాల్లో ఉన్న ఛాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ బండి మీదవాటితో కలుస్తున్నాయో లేదో డబ్బు ఇవ్వకముందే చూసుకోండి. ఆ నంబర్లు వెతికి చదివే పని పిల్లలకే ఇవ్వండి. గ్రీజు తుడిచి, టార్చి పట్టుకుని, అచ్చుగుద్దిన అంకె బయటపడుతుంటే వాళ్ల మొహం చూడాలి.

మాది జావా 250. 1950లలో వచ్చిన మోడల్. టూ-స్ట్రోకు, అంటే పిస్టన్ పైకెళ్లి దిగే ప్రతిసారీ ఒక రవ్వ పడే ఇంజిన్. ఒక్కటే సిలిండరు, దారులు మూసి తెరిచే వాల్వులు లేవు, వాటిని కదిపే టప్పెట్లు లేవు. జావా అంటే, ఆయుధాలు తయారుచేసే ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే చెక్ ఆయన 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ దగ్గర మోటార్‌సైకిల్ హక్కులు కొని మొదలుపెట్టిన కంపెనీ. ఇదంతా నేను చెప్పింది కాదు, మా అమ్మాయి వెతికి తెచ్చి నాకు చెప్పింది. ఆ బండి తనదైపోయిందని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ బండికి కిక్ రాడ్ ఎక్కడుందో కనబడదు. నడిపినవాళ్లు ఇక్కడ ఉంటే నవ్వుకుంటారు. ఉంది లెండి, గేర్ రాడ్డే కిక్ రాడ్డు. లోపలికి నొక్కి వెనక్కి తిప్పి పైకి లేపితే కిక్కవుతుంది, మళ్లీ దించితే గేరు. నేను ముందే తెలిసీ నోరు మెదపలేదు. తను బండి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దాన్ని పట్టుకుని నొక్కి, "నాన్నా, ఇది లోపలికి పోతోంది!" అంది. నేను మొదటిరోజే చెప్పేసి ఉంటే ఏమయ్యేది? ఒక సమాచారం అయ్యేది.

విప్పడం

ఇంజిన్ దించి విప్పడం అందరికీ సరదా. అసలు సంగతి రాసుకోవడంలో ఉంది. మా ఇంట్లో ఒకటే చట్టం, విప్పినవాళ్లే రాయాలి. ఏ బోల్టు ఎక్కడిది, కింద వాషరుందా, వాషరు ఏ వైపు తిరిగి ఉంది. ఒక డబ్బా, డబ్బా మీద చీటీ, విప్పకముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో. పెద్దవాళ్లకి ఇది బద్ధకం. మనకి గుర్తుంటుందిలే అనుకుంటాం. పిల్లలకి ఆ ధీమా లేదు కాబట్టి వాళ్లు బాగా రాస్తారు. ఆ నోటుబుక్కు వాళ్ల చేతిలో ఉన్నంతకాలం బండి మీద అధికారం వాళ్లదే. నేను ఏ బోల్టు బిగించాలన్నా మా అమ్మాయిని అడగాలి. అడిగేవాణ్ని కూడా.

మొరాయించే బోల్టులు వస్తాయి. వస్తాయి అనేంటి, అన్నీ అవే. మర పోయేదాకా తిప్పకండి. తుప్పు వదిలించే నూనె పోసి, రాత్రంతా వదిలేయండి, మళ్లీ పోయండి. అప్పటికీ రాకపోతే చుట్టూ వేడి చెయ్యాలి. ఆ పని పెద్దవాళ్లది, నూనె తుడిచేసి, పెట్రోలు వాసన చుట్టుపక్కల లేకుండా చూసుకున్నాకే. జపాన్ బండైతే ఒక జాగ్రత్త ఉంది. పాత జపాన్ బళ్ల మీద ప్లస్ గుర్తు స్క్రూలు మనం మామూలుగా వాడే స్టార్ డ్రైవర్‌కి సరిపోయినట్టే కనిపిస్తాయి, సరిపోవు. వాటి కొలత వేరే, జిస్ అంటారు, జపాన్ పారిశ్రామిక ప్రమాణం అన్నమాట. మామూలు డ్రైవర్ పెడితే జారి తల కొట్టుకుపోతుంది. పిల్లలు తమ చేతకానితనం అనుకుంటారు, నిజానికి తప్పు డ్రైవర్‌ది.

ఇంగ్లండు బండైతే ఇంకో తమాషా. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు 1841లో మరలకి ఒక పద్ధతి ప్రతిపాదించాడు, మర పళ్ల మధ్య కోణం 55 డిగ్రీలు. మెట్రిక్ మరలకి 60. అందుకే ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి పట్టేస్తుంది. పైగా విట్‌వర్త్ పానా మీద రాసి ఉండే అంకె నట్టు తల కొలత కాదు, బోల్టు కాండం కొలత. పిల్లలు స్కేలు పెట్టి కొలిచి, ఇది తప్పు రాశారు అని మన దగ్గరికి పరిగెత్తుకొస్తారు. రానివ్వండి. వెంటనే జవాబు చెప్పకండి. ఎందుకలా రాశారో వాళ్లనే కాసేపు ఆలోచించనివ్వండి.

మా జావా పిస్టన్ పట్టేసింది. సీజ్ అయిపోయి ఉంది, కిక్కు కదలదు. ఇక్కడ చాలామంది నాన్నలు చేసేదేంటి? కిక్ రాడ్ మీద ఎక్కి తొక్కడం. లోపల గేరు పళ్లు విరుగుతాయి. హెడ్డు, అంటే సిలిండర్ పైభాగం, తీసి, పిస్టన్ మీద నూనె పోసి, మూత వేసి వదిలేశాం. రోజూ స్కూల్ నుంచి రాగానే తను వెళ్లి నూనె మట్టం చూసేది. తగ్గిందా లేదా? తగ్గితే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి దిగుతోందన్నమాట, మంచి కబురే. తర్వాత ఒక చెక్క దిమ్మె పెట్టి మెల్లిగా తడుతూ ఉంటే ఒకరోజు వెంట్రుకవాసి కదిలింది. ఇద్దరం అరిచాం. పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు.

బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కొలిచే రోజు గురించి చెప్పాలి. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన సాయంత్రం అది. పిల్లకి లెక్కలంటే అంత ఇష్టం ఉండేది కాదు. సిలిండర్ బల్ల మీద పెట్టుకుని పుస్తకం తెరిచాం. బోరు 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, 75 అని ఉంది. బండి మీద 250 సీసీ, అంటే ఘన సెంటీమీటర్లు, అని రాసి ఉంటుంది కదా, అదెక్కడినుంచి వచ్చింది అని అడిగింది. నువ్వే చూడు అన్నాను. వ్యాసార్థం మూడుంపావు సెంటీమీటర్లు, దాని వర్గం, పై, ఎత్తు ఏడున్నర. గుణిస్తే 248.9 వచ్చింది. "250 అని అబద్ధం రాశారా?" అంది. సర్దుబాటు చేశారమ్మా అన్నాను. బోరు అరిగిపోయింది కాబట్టి అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయించాలని తేలింది. కాసేపయ్యాక నోటుబుక్కు పట్టుకుని మళ్లీ వచ్చింది. 65.5 పెట్టి లెక్క కట్టింది, 252.7. "ఇప్పుడు నిజంగానే 250 దాటింది నాన్నా" అంది. ఆ లెక్క చెయ్యమని ఎవరూ అడగలేదు. మీరే చెప్పండి, ఏ హోంవర్కులో జరుగుతుంది ఇది?

కొత్త పిస్టన్ వచ్చాక రింగు గాడిలో చిన్న మేకులాంటిది కనబడింది తనకి. ఇదేదో తయారీలో పొరపాటనుకుని గీకెయ్యబోయింది. ఆగమన్నాను. టూ-స్ట్రోకు సిలిండర్ గోడలో గాలి వచ్చే దారులూ పొగ పోయే దారులూ ఉంటాయి. రింగు గుండ్రంగా తిరిగి, దాని కొస ఆ దారిలోకి జారిందనుకోండి, విరుగుతుంది. తిరగకుండా ఆ మేకు ఆపుతుంది. ఫోర్-స్ట్రోకు గోడలో అలాంటి కిటికీలు ఉండవు, కాబట్టి దాని రింగులకి మేకు అక్కర్లేదు. జావాకి ఒక్క సిలిండరుంటే రెండు సైలెన్సర్లెందుకో కూడా అప్పుడే తెలిసింది తనకి. సిలిండర్‌లో పొగ పోయే దారులే రెండున్నాయి మరి.

పిల్లలకి ఇవ్వకూడని పనులు

ఇది చెప్పకుండా దిగితే తప్పవుతుంది. పానా పిల్లల చేతిలో ఉండాలన్నాను కదా, కొన్నిచోట్ల ఉండకూడదు.

పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉండొచ్చు. డ్రమ్ము తెరిచి గాలి పైపుతో ఊదడం మనవాళ్లందరికీ అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవండి, మాస్కు పెట్టుకోండి, పిల్లలు ఆ పక్కకే రాకూడదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా గరుకు కాగితం రుద్దకండి. సీసం అంటే గుర్తొచ్చింది, పాత ఇంజిన్లు దశాబ్దాల తరబడి సీసం కలిపిన పెట్రోలు తాగినవే. వాహనాలకి ఆ పెట్రోలు అమ్మకం ప్రపంచంలో చివరిగా ఆగింది 2021లో, అల్జీరియాలో. అంటే మీ బండి హెడ్డులో పేరుకున్న మసిలో కూడా సీసం ఉండే అవకాశం ఉంది. మసి గీకేటప్పుడు చేతి తొడుగులు, తడిపి గీకడం, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం. గోళ్లు కొరికే అలవాటున్న పిల్లలైతే ఈ పని మీరే చెయ్యండి.

పెట్రోలు ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. లోపల ఆవిరి ఉంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ పోతుంది. ట్యాంకుకి వెల్డింగు లాంటివి ఇంట్లో వద్దు. తుప్పు వదిలించడానికి మాత్రం మంచి పద్ధతి ఉంది. ట్యాంకు బాగా కడిగి, ఆరబెట్టి, ఆవిరంతా పోయాక, నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నింపి వదిలేయడం. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టి ఈ పని పిల్లలకివ్వొచ్చు. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యమైతే మీ కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది.

ఇక మెరుపు సంగతికొస్తాను. క్రోమ్ పూత వేసే తొట్టెల్లో వాడేది విషం, క్యాన్సర్ తెప్పించే రకం క్రోమియం. అది ఇంట్లో చేసే పని కాదు. రెండు డబ్బాలు కలిపి కొట్టే గట్టి పెయింట్లలో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, ఆస్తమా తెప్పిస్తాయి, విడిగా గాలి అందే మాస్కు లేకుండా కొట్టకూడదు. కాబట్టి మెరవాలంటే ఏం చెయ్యాలి? విప్పి బయటికి పంపాలి. రిమ్ములు ఒకచోటికి, ట్యాంకు ఒకచోటికి, సైలెన్సర్లు ఒకచోటికి. నెలల తరబడి ఎదురుచూపు, ఫోన్లు చేయడం, డబ్బు కట్టడం. అందులో పిల్లలు చేసేదేముంది? ఏమీ లేదు. మెరుపు వెనక పడితే బండి మెల్లగా పిల్లల చేతుల్లోంచి వర్క్‌షాపులకి పోతుంది. నేను చాలామందిని చూశాను, బండి ఎగ్జిబిషన్‌లో బహుమతి తెచ్చుకుంటుంది, పక్కన నిలబడ్డ పిల్లాడికి ప్లగ్గు ఎక్కడుందో తెలీదు. నాకు అది బాగుచేయడం అనిపించదు, కొనుక్కోవడం అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు, ఫర్వాలేదు.

మా బోరింగు పని, అంటే అరిగిన సిలిండర్‌ని కొత్త పిస్టన్‌కి సరిపడా తొలవడం, బయటే చేయించాం, అది తప్పదు. అలాంటివి తప్పనివి మాత్రమే బయటికి పంపండి. పంపేటప్పుడు పిల్లలు వెంట రావాలి, కొలతలు వాళ్లే చెప్పాలి.

ఆసక్తి పోతే? ఇది అందరూ అడుగుతారు. పోతుంది. కచ్చితంగా పోతుంది. పరీక్షలొస్తాయి, స్నేహితులొస్తారు, గ్యారేజీ వైపు చూడరు. అప్పుడు మీరు చెయ్యకూడని పని ఒకటుంది, వాళ్లు లేనప్పుడు పని ముందుకు జరపడం. తిరిగొచ్చి చూసేసరికి ఇంజిన్ బిగించి ఉంటే ఇంకెందుకొస్తారు? ధూళి పట్టనివ్వండి. లేదంటే చిన్నది, ఒక్క పూటలో అయిపోయేది ఏదైనా బయట పెట్టి ఉంచండి. హారన్ మంచిది. బ్యాటరీకి రెండు తీగలు తగిలిస్తే మోగుతుంది లేదా మోగదు. మోగకపోతే పిల్లలు కదలరు అక్కడినుంచి.

1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అని ముగ్గురు ఒక పరిశోధన ప్రచురించారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి చెక్క దిమ్మెలిచ్చి పిరమిడ్ కట్టించారు, పక్కన నేర్పే మనిషిని పెట్టారు. నేర్పేవాళ్ల పనేంటో వాళ్లు రాసిందాంట్లో నాకు పనికొచ్చింది ఒకటి. పనిలో పిల్లల శక్తికి మించిన భాగాన్ని పెద్దవాళ్లు తమ దగ్గర పెట్టుకుని, వాళ్లకి అందే భాగాన్ని వాళ్లతోనే పూర్తి చేయించడం. ఇంజిన్ ఛాసిస్‌లోకి ఎక్కించేటప్పుడు నేను చేసింది అదే. బరువు నేను మోశాను, బోల్టు రంధ్రంలోకి తను దూర్చింది. నా చేతులు వణుకుతున్నాయి, తను తాపీగా వాషరు కోసం నోటుబుక్కు చూస్తోంది. తొందరపెట్టానా? నోరు నొక్కుకున్నాను.

టైమింగు, అంటే రవ్వ పడే సమయం, పెట్టడం గురించి కూడా చెప్తాను, పెద్ద పరికరాలు అక్కర్లేని పని అది. ముందు పాయింట్ల మధ్య సందు. పాత బళ్లలో చాలావాటికి 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్ అనే కొలత రేకులతో చూసుకోవాలి. తర్వాత పాయింట్ల మధ్య బాగా పల్చటి కాగితం ముక్క పెట్టి, కొస వేళ్లతో మెల్లగా లాగుతూ, ఇంకొకరు ఇంజిన్‌ని చేత్తో తిప్పాలి. పట్టి ఉంది, పట్టి ఉంది, ఒక్కసారిగా వదిలేస్తుంది. వదిలిన చోటే రవ్వ పడే చోటు. అప్పుడు పిస్టన్ తను చేరగలిగే అతి పైచోటు నుంచి ఎంత కిందుందో ప్లగ్గు రంధ్రంలోంచి కొలిచి, పుస్తకంలో ఉన్నదానితో సరిచూసుకోవాలి. కాగితం పట్టుకునే వేళ్లు పిల్లలవే అయ్యుండాలి. వాళ్లకి తెలిసినంత సున్నితంగా మనకి తెలియదు, ఇది నేను నిజంగా చెప్తున్నాను.

స్టార్టయ్యాక ఎవరు నడపాలి? పిల్లలు కాదు. లైసెన్సు వయసు వచ్చేదాకా కాదు. పాత డ్రమ్ము బ్రేకులు ఇప్పటి డిస్కుల్లా ఆపవు. టైర్లలో గాలి నిలుస్తోంది కదా అని పాతవాటితో రోడ్డెక్కకండి. 2000 సంవత్సరం నుంచి తయారైన టైర్ల మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. 1923 అని ఉంటే 2023లో పంతొమ్మిదో వారం, కంగారుపడి వందేళ్ల టైరనుకోకండి. టూ-స్ట్రోకైతే పెట్రోల్లో ఆయిలు కలిపారా లేదా అన్నది పిల్లలే చూసుకుని చెప్పాలి. పాత బళ్లలో చాలావాటికి ఇరవై పాళ్లకో పాతిక పాళ్లకో ఒక పాలు. ఆ లెక్క తప్పితే మళ్లీ పిస్టన్ పట్టేస్తుంది.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఈ బల్ల మీద పెట్రోలూ గాలీ కలిపే పాత కార్బొరేటర్ ఒకటి పెట్టాను. కడిగి తెచ్చాను, పెట్రోలు చుక్క లేదు. డ్రైవర్లు రెండున్నాయి, నోటుబుక్కు ఒకటుంది. పిల్లలు ముందుకి రండి, వంతులు వేసుకోండి. కింది గిన్నె విప్పితే పెట్రోల్లో తేలే ఫ్లోటు, దాని పక్కన పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలున్న ఇత్తడి జెట్లు కనిపిస్తాయి. జెట్ రంధ్రంలో పిన్నీసు దూర్చకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదవుతుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, మూసుకుపోయిన జెట్ ఒకటుంది అందులో. ఏదో కనిపెట్టి చెప్పండి. పెద్దవాళ్లు కూర్చోండి, కూర్చోండి. మీరు కాదండీ.